హోమ్ పార్టీలు పెడుతున్నా అమ్మకాలు లేవా? తేడా ఎక్కడుందో చూడండి

ఒకరి ఇంట్లో తెలిసినవాళ్లని పిలిచి, కంపెనీ వస్తువులు చూపించి ఆర్డర్లు తీసుకోవడమే హోమ్ పార్టీ. మీ క్యాటలాగ్‌లో ఉన్నవే ఇంకెంతమంది దగ్గరో ఉన్నాయి, అదే ధరకి, కంపెనీ పంపిన అవే ఫొటోలతో. అంటే వస్తువు వల్ల మీరు వేరుగా కనబడరు, పార్టీ నడిపే పద్ధతి వల్లే కనబడాలి. పని ఎక్కడ ఆగిపోతోందో ముందు అది పట్టుకోండి.

సమస్య: వస్తామన్నవాళ్లు రారు, పార్టీ రోజుకి ముగ్గురే మిగులుతారు

చాలాసార్లు కారణం హోస్ట్‌ని, అంటే తన ఇంట్లో పార్టీ పెట్టి అందరినీ పిలిచే ఆవిడని, ఒంటరిగా వదిలేయడమే. ఏం చెప్పి పిలవాలో ఆవిడకి తెలియదు, గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి ఊరుకుంటుంది. తేదీ ఖాయమైన రోజే పక్కన కూర్చుని పేర్లు రాయించండి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి విడిగా పిలవమనండి, రెండు రోజుల ముందు ఇంకోసారి ఫోన్ చేయించండి. హోస్ట్‌కి వచ్చే బహుమతి ఏమిటో కూడా ముందే చెప్పేయండి.

సమస్య: అందరూ వచ్చారు, నవ్వుకున్నారు, ఆర్డర్ మాత్రం ఇవ్వలేదు

నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. గంటసేపు క్యాటలాగ్ మొత్తం చూపిస్తే చివరికి ఏదీ గుర్తుండదు. 1951లో టప్పర్‌వేర్ తన డబ్బాలని దుకాణాల నుంచి తీసేసి హోమ్ పార్టీల్లోనే అమ్మడం మొదలుపెట్టింది, ఎందుకంటే ఆ మూత ఎలా బిగించాలో ఎవరో ఒకరు చేసి చూపిస్తే తప్ప జనానికి అర్థం కాలేదు. ఆ పార్టీల విభాగాన్ని నడిపిన బ్రౌనీ వైజ్ నిండు గిన్నెకి మూత బిగించి గది అవతలికి విసిరేసేది, చుక్క కూడా ఒలికేది కాదు! ఆ తర్వాత గిన్నె గొప్పతనం గురించి వేరే ఉపన్యాసం ఎందుకు?

మీరూ అలాగే ఇంట్లో రోజూ విసిగించే ఒక్క ఇబ్బందిని తీసుకోండి, దాన్ని అక్కడికక్కడే తీర్చి చూపించండి, తర్వాత వస్తువుని గెస్టుల చేతికిచ్చి కాసేపు మీరు మాట్లాడకండి. ఎవరికైనా అది పనికిరాదనిపిస్తే "మీకిది వద్దండీ" అని చెప్పేయండి. ఆ ఒక్క మాటకి వచ్చే నమ్మకం ఏ డిస్కౌంటుకీ రాదు, పైగా డిస్కౌంటు మీ కమిషన్‌నే తినేస్తుంది.

సమస్య: మొదట్లో బాగానే నడిచింది, ఇప్పుడు బుకింగ్‌లే లేవు

మీ చుట్టాలు, స్నేహితులు అయిపోయారు, అంతే. కొత్త పార్టీ ఈ పార్టీలోంచే పుట్టాలి. ఎవరు ఒక వస్తువుని వదలకుండా చూస్తున్నారో గమనించి, ఆర్డర్ రాసుకునేటప్పుడు మీ ఇంట్లో పార్టీ పెడతారా అని వాళ్లని విడిగా అడగండి, అందరి ముందూ అడిగితే మొహమాటపడతారు. సరుకు అందిన రెండు రోజులకి ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కోండి, ఆ ఫోన్‌లో మాత్రం ఏమీ అమ్మకండి.

సమస్య: టార్గెట్ కోసం మీరే సరుకు కొంటున్నారు

బయట అమ్ముడుపోవట్లేదన్న సంగతిని ఇది కప్పేస్తుంది. అప్‌లైన్ (మిమ్మల్ని ఇందులో చేర్చిన, మీ పైనున్నవాళ్లు) ఎంత ఒత్తిడి చేసినా సరే, ఈ నెల కొనకండి. ఇంట్లో పేరుకున్న దానిలో ఏది వెనక్కి తీసుకుంటారో, ఎప్పటిలోగా పంపాలో మీ ఒప్పందంలో చూసి, గడువు దాటకముందే పంపేయండి.