పిల్లోడి చేతిలో డబ్బు నిలవట్లేదా? ముందు ఇక్కడ చూడండి

సమస్య: ఆదివారం ఇచ్చిన మూడొందలు బుధవారానికే ఖాళీ. గురువారం పొద్దున బ్యాగు భుజాన వేసుకొని గడప దగ్గరే నిలబడి "నాన్నా, ఒక యాభై ఉందా" అంటాడు.

కారణం: దుబారా అని తిడతాం గానీ, కడపలో మా ఇంట్లో ఆరా తీస్తే తేలింది వేరు. నేనిచ్చేది కాక వాళ్లమ్మ బియ్యం డబ్బాలోంచి ఒక వంద, జేజి కొంగుముడి విప్పి "మీ నాయనకు చెప్పొద్దులే" అంటూ ఇంకో యాభై. అయిపోతే మళ్లీ వస్తాయని తెలిసినోడు ఎందుకు దాచుకుంటాడు చెప్పండి?

పరిష్కారం: ఇచ్చే చెయ్యి ఒక్కటే ఉండాలి. వారానికి ఒకసారి, నోట్లుగానే ఇవ్వండి, మధ్యలో రూపాయి కూడా వద్దు. ఆటో ఛార్జీ, ఫీజు, పుస్తకాలు మాత్రం ఇందులో కలపకండి, అవి మనవే. మొదటి వారం మావాడు ఏడు రోడ్ల దగ్గర స్నేహితులందరికీ కారం దోశలు తినిపించి మంగళవారానికే చేతులు దులుపుకున్నాడు, ఆ తర్వాత శనివారం దాకా మూతి ముడుచుకొని ఇంటి టిఫినే. నిజానికి వాడికంటే జేజిని ఆపడమే కష్టమైంది, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో వారం నలభై రూపాయలు మిగిలాయి. నేను అడగలేదు, వాడే తెచ్చి చూపించాడు.

సమస్య: మీ ఖాతాలోంచి 29, 49, 99 ఇలా చిన్న చిన్నవి పోతున్నాయి.

కారణం: మీ యూపీఐ పిన్ వాడికి తెలుసు, లేదంటే ఎప్పుడో ఒప్పుకున్న ఆటోపే (గడువు రాగానే దానంతటదే డబ్బు కట్టేసే ఏర్పాటు) ఇంకా నడుస్తోంది.

పరిష్కారం: యాప్‌లో ఆటోపే లిస్టు తెరిచి అక్కర్లేనివి రద్దు చేయండి, పిన్ మార్చండి (వాడి పుట్టినరోజు మాత్రం పెట్టకండి). మన ఖాతాలోంచి ఇంట్లోవాళ్లు చెల్లించేలా యూపీఐ సర్కిల్ అని ఒక ఏర్పాటు ఉంది, అందులో వాడిని చేర్చితే వాడు చేసే ప్రతి చెల్లింపూ మీరు పిన్ కొడితేనే కదిలేలా పెట్టుకోవచ్చు. డబ్బు పెట్టి గెలుచుకునే ఆన్‌లైన్ ఆటలను 2025లో చట్టం చేసి నిషేధించారు, అలాంటి యాప్‌కు పోయిందని తెలిస్తే వాడిని కొట్టడం కాదు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సమస్య: మిగిలిన డబ్బు ఇంట్లో ఉంటే మళ్లీ చెయ్యి దురద.

పరిష్కారం: పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు చెప్పింది, ఎంత వరకు తీయొచ్చనేది ఆ బ్యాంకు ఇష్టం. ఉన్నదానికి మించి మాత్రం తీయనివ్వరు. మా జేజి ఇప్పుడు పండక్కి ఇచ్చేది కూడా అందులోనే వేయిస్తోంది, కాకపోతే పాస్‌బుక్ మొదట తనకే చూపించాలట.