పాచిక పారాలంటే: టేబుల్‌టాప్ ఆటల్లో ఎబిలిటీ స్కోర్లు, స్కిల్ చెక్‌లు వాడటం ఎలా?

"తలుపు తీస్తాను" అన్నాడు మా బామ్మర్ది.

"డైస్ వెయ్" అన్నాను. 3 పడింది. తలుపు రాలేదు.

"మళ్లీ తీస్తా." మళ్లీ డైస్. ఈసారి 6. నవంబరు వాన, నెల్లూరులో కరెంటు పోయింది, ఫోన్ లైటు కింద ఆడుతున్నాం. తాళం కూడా లేని ఆ తలుపు దగ్గరే అరగంట గడిచింది. "ఏంది బావా, తలుపు తీయడానికి కూడా అదృష్టం కావాల్నా?" అని వాడు పెన్సిల్ కింద పెట్టేశాడు. తప్పు వాడిది కాదు, ఆట నడిపిన నాది. లెక్కలన్నీ నాకు వచ్చు. డైస్ ఎప్పుడు వేయించాలో మాత్రం తెలియలేదు.

ముందు ఆట సంగతి. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని డీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేనిది చేస్తా" అని చెబుతారు. ఈ రకం ఆటలకు ఆద్యం 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. కింద చెప్పే లెక్కలు దాని 5వ ఎడిషన్‌వి, అంటే 2014లో వచ్చినవి.

1. ఆరు స్కోర్లు రాసుకోండి

ప్రతి పాత్రకూ ఆరు ఎబిలిటీలు, అంటే సామర్థ్యాలు, ఉంటాయి. ఒక్కోదానికి ఒక అంకె, అదే స్కోరు. స్ట్రెంగ్త్ అంటే కండబలం. డెక్స్‌టెరిటీ అంటే ఒంటి చురుకు, చేతివాటం. కాన్‌స్టిట్యూషన్ అంటే దమ్ము. కరిజ్మా అంటే నలుగురిని తనవైపు తిప్పుకునే సత్తా. ఈ నాలుగింటితో పేచీ లేదు. కొత్తవాళ్లు తికమకపడేది ఇంటెలిజెన్స్, విజ్డమ్ దగ్గర. ఉదయగిరి కోట శ్రీకృష్ణదేవరాయల చేతికి 1514లో వచ్చిందని గుర్తుండటం ఇంటెలిజెన్స్. మబ్బు చూసి సాయంత్రానికి వాన పడుతుందని చెప్పడం విజ్డమ్. బడి మొహం చూడని రైతుకు రెండోది 16 ఉండొచ్చు.

15, 14, 13, 12, 10, 8 అనే ఆరు అంకెలను మీకు నచ్చినట్టు పంచుకోవడం తేలిక పద్ధతి. లేదంటే మామూలు లూడో పాచికలు నాలుగు వేసి, అన్నిటికంటే చిన్నది తీసేసి, మిగతా మూడూ కూడండి. ఇలా ఆరుసార్లు. నేనైతే మొదటి ఆటకు పంపకమే మంచిదంటాను. ఒకడికి 17, ఇంకొకడికి 6 పడితే మొదటి రోజే అలకలు మొదలవుతాయి.

మా బామ్మర్ది పాత్ర ఒంగోలు గిత్తలను బండలాగుడు పోటీలకు తయారుచేసే మనిషి. స్ట్రెంగ్త్ 15, కాన్‌స్టిట్యూషన్ 14, విజ్డమ్ 13, కరిజ్మా 12, డెక్స్‌టెరిటీ 10, ఇంటెలిజెన్స్ 8.

2. స్కోరును మాడిఫయర్‌గా మార్చండి

ఆటలో ఎక్కువగా పనికొచ్చేది స్కోరు కాదు, దాన్నుంచి వచ్చే మాడిఫయర్. స్కోరులోంచి 10 తీసేసి, సగం చేసి, కిందికి సరిచేయాలి. 15కి +2, 14కి కూడా +2. 13, 12 రెండిటికీ +1. 10కి సున్నా. 8కి -1. స్కోరు పక్కనే ఇది పెద్ద అక్షరాలతో రాసుకోండి, ఆట మధ్యలో లెక్కలు వేస్తుంటే ఊపు పోతుంది.

3. చేయి తిరిగిన పనులు గుర్తించండి

మొత్తం 18 స్కిల్స్ ఉన్నాయి. ఒక్కో స్కిల్ మామూలుగా ఒక్కో ఎబిలిటీ కింద వస్తుంది. వాటిలో మీ పాత్రకు చేయి తిరిగినవి కొన్నే. వాటికి ప్రొఫిషియెన్సీ బోనస్ కలుస్తుంది, మొదటి నాలుగు లెవెల్స్‌లో అది +2.

బెదిరిన గిత్తను సముదాయించడం యానిమల్ హ్యాండ్లింగ్. అది స్ట్రెంగ్త్ కాదు, విజ్డమ్ కిందికి వస్తుంది. మావాడికి +1, చేయి తిరిగినవాడు కాబట్టి +2, మొత్తం +3. అదే గిత్తను పగ్గం పట్టి బలవంతాన ఆపాలంటే స్ట్రెంగ్త్ చెక్, అంటే ఆ ఎబిలిటీ మీద డైస్ వేసి పని అవుతుందో లేదో చూడటం. ఆటగాడు ఎలా చేస్తానన్నాడో దాన్నిబట్టే ఏ ఎబిలిటీ అన్నది తేలుతుంది.

4. డైస్ వేయాలా వద్దా తేల్చుకోండి

నేను తప్పు చేసింది ఇక్కడే. డైస్ తీసే ముందు డీఎం రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పని తప్పే అవకాశం నిజంగా ఉందా? తప్పితే కథలో ఏమైనా మారుతుందా? రెండిటికీ అవునంటేనే డైస్. తాళం లేని తలుపు తెరుచుకుంటుంది, అంతే. అలాగే పెన్నను ఒక్క దూకులో దాటతానంటే డైస్ వద్దు, అది కుదరదని చెప్పేయండి.

5. డీసీ పెట్టి, డైస్ వేయించండి

డీసీ అంటే దాటాల్సిన గీత. తేలిక పనికి 10, ఓ మోస్తరు పనికి 15, కష్టమైతే 20, మరీ కష్టమైతే 25. ఇరవై ముఖాల డైస్ వేసి, మాడిఫయర్ కలిపితే వచ్చేది డీసీకి సమానమైనా, ఎక్కువైనా పని అయినట్టే. డైస్ దొరక్కపోతే 1 నుంచి 20 వరకు చీటీలు రాసి చెంబులో వేయండి. తీసిన చీటీని ప్రతిసారీ మళ్లీ చెంబులో వేయాలి. మేం మొదట్లో అది మరిచిపోయి, పెద్ద అంకెలన్నీ ముందే ఖర్చు చేసుకున్నాం.

రాత్రిపూట ఉదయగిరి కోట గోడ ఎక్కాలనుకోండి. అథ్లెటిక్స్ చెక్, డీసీ 15. మావాడికి స్ట్రెంగ్త్ +2, చేయి తిరిగింది కాబట్టి ఇంకో +2, మొత్తం +4. అంటే డైస్ మీద 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. సరిగ్గా సగం అవకాశం.

పైనుంచి ఎవరైనా తాడు వేస్తే అడ్వాంటేజ్ ఇవ్వొచ్చు. రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవాలి, అవకాశం 75 శాతానికి పెరుగుతుంది. గోడ వానకు తడిసి జారుతుంటే డిసడ్వాంటేజ్. రెండిట్లో చిన్నది తీసుకోవాలి, 25 శాతమే మిగులుతుంది. తాడూ ఉండి, వానా ఉంటే ఒకదానికొకటి చెల్లు, ఒకే డైస్. ఒక మాట, చెక్‌లో 20 పడగానే గెలిచేసినట్టు కాదు. కూడిక చూడాల్సిందే.

6. పాచిక పారకపోతే కథను ఆపకండి

తర్వాతి వారం అదే గోడ దగ్గర మావాడికి 7 పడింది. నాలుగు కలిపితే 11. మొహం వేలాడేసుకుని "మళ్లీ ఎక్కనా బావా?" అన్నాడు.

"అక్కర్లేదురా, ఎక్కేశావు. కానీ చివర్లో నీ కాలు తగిలి ఒక రాయి దొర్లి కింద పడింది. బురుజు మీద కాగడా ఒకటి నీవైపే వస్తోంది. ఏం చేస్తావు?"

వాడు పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాడు.