గొర్రెల రోగాల మీద పరిశోధనకు ల్యాబ్ పెడుతున్నారా? ముందు కరెంటు సంగతి చూడండి

ప్రాజెక్టు శాంక్షన్ కాగానే కుర్ర డాక్టర్లు నన్నడిగేది, "మేడమ్, పీసీఆర్ మెషీన్ (రోగక్రిముల జన్యువులను పట్టే మెషీన్) ఏ కంపెనీది కొందాం?" అని. కడప జిల్లాలో పశువైద్య ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నదాన్ని, నేను మాత్రం కరెంటు, ఫ్రీజరు దగ్గరే మొదలుపెడతాను.

మే నెలలో మన దగ్గర ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. మైనస్ 80 డిగ్రీల డీప్ ఫ్రీజర్ లోపలి వేడినంతా గదిలోకే వదులుతుంది. ఏసీ లేని గదిలో గోడకు ఆనించి పెడితే కంప్రెసర్ ఆగకుండా తిరిగి ఒకనాటికి మొరాయిస్తుంది. చుట్టూ జానెడు జాగా వదలండి. స్టెబిలైజరు, జనరేటరు బడ్జెట్‌లో అన్నిటికంటే పైన రాయండి. జనరేటర్‌కు డీజిల్ ఎవరు పోయాలి, అర్ధరాత్రి కరెంటు పోతే వాచ్‌మన్ ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఫ్రీజర్ తలుపు మీదే అంటించండి. రెండు పూటలా టెంపరేచర్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. డబ్బు చాలకపోతే మైనస్ 80 తర్వాత చూద్దురు, ఎలైజా పరీక్షలకు (రక్తంలో యాంటీబాడీలు పట్టే పరీక్షలు) దాచే సీరమ్‌కు, అంటే రక్తం గడ్డకట్టాక విడివడే ద్రవానికి, మైనస్ 20 చాలు.

ఇక మంద దగ్గరికి. "పొద్దెక్కితే జీవాలు నిలబడవు మేడమ్, తెల్లారుజామునే రాండి" అంటారు కాపరులు. వాళ్ళ మాట వినండి, రక్తానికీ చల్లటి పూటే మంచిది. సీరమ్ కోసం ఎర్ర మూత ట్యూబులో తీసిన రక్తాన్ని వెంటనే ఐసులో పెట్టకండి. నీడలో ఏటవాలుగా గంటో రెండు గంటలో ఉంచితే గడ్డ బాగా కడుతుంది. ఆ తర్వాత కోల్డ్ బాక్సు. జీపు గతుకుల్లో ఎగిరితే కణాలు పగిలి సీరమ్ ఎర్రబడుతుంది, అందుకే ట్యూబులు కదలకుండా స్టాండులో బిగించి, ఒళ్ళో పెట్టుకుని రమ్మంటాను. ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ మెషీన్‌లో 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు) మీద 10 నిమిషాలు తిప్పితే గడ్డి రంగు సీరమ్ పైకి తేలుతుంది.

నీలి నాలుక రోగం (బ్లూటంగ్) వైరస్‌ను ల్యాబ్‌లో పెంచాలంటే మాత్రం రక్తం గడ్డకట్టనివ్వని మందున్న ఊదా మూత ట్యూబు కావాలి. ఆ రక్తాన్ని 4 డిగ్రీల దగ్గర ఉంచాలి, ఫ్రీజర్‌లో పెట్టి ఐసులా చేయకూడదు. ఐస్ ప్యాక్ నేరుగా తగలకుండా మధ్యన పేపరు చుట్టండి. లేబుల్ మీద మార్కర్ వద్దు, ఐసు నీళ్ళకు అంతా చెదిరిపోతుంది. గుడ్డ ప్లాస్టర్ మీద పెన్సిల్‌తో రాయండి: ఊరు, తేదీ, చెవిపోగు నంబరు, వయసు. వయసు అడిగితే కాపరి "రెండు పళ్ళది" అంటాడు. అట్లాగే రాసుకోండి.

చచ్చిన గొర్రె ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే కత్తి బయటకు తీయొద్దు. అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు, కోస్తే మనకూ అంటుకుంటుంది. గ్లవుజులు వేసుకుని చెవి నరం నుంచి స్మియర్ (గాజు పలక మీద రక్తపు పూత) తీసుకుని, పశుసంవర్ధక శాఖ డాక్టరుకు చెప్పి, సున్నం వేసి లోతుగా పూడ్పించండి.

ప్రయోగానికి జీవాలను పెంచాలంటే కొనకముందే సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ఏర్పడిన సీసీఎస్‌ఈఏ (జంతువుల మీద ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) దగ్గర మీ షెడ్డు రిజిస్టరై ఉండాలి. కొత్తగా వచ్చిన జీవాలకు వేరే కొట్టం, వేరే నీళ్ళ తొట్టి, వేరే మనిషి. నీలి నాలుకను మోసుకొచ్చే క్యూలికాయిడ్స్ ఈగలు దోమల కంటే సన్నవి, మామూలు దోమతెరలోంచి దూరిపోతాయి. సన్న జల్లెడలాంటి తెర వేయించండి. ఇంజనీర్లు ఈ మాట వినరు. ఎస్టిమేట్‌లో రాతపూర్వకంగా పెట్టించండి.

ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే పాత్ర) 121 డిగ్రీలు, 15 నిమిషాలు. సూదులు తెల్ల డబ్బాలో, కళేబర భాగాలు పసుపు సంచిలో. బయోసేఫ్టీ క్యాబినెట్‌ను (క్రిములు బయటికి రాకుండా గాలిని వడకట్టే పని అర) తలుపు ఎదురుగా పెట్టొద్దు, పనిచేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ కట్టేయండి. ఉక్క పోస్తుంది, తప్పదు.

అన్నీ మీరే కొనక్కర్లేదు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. అనంతపురం వాళ్ళకు బెంగళూరు ఒక్క పూట ప్రయాణం, అక్కడ పశురోగాల మీద పరిశోధించే జాతీయ సంస్థ నివేది ఉంది. ముందే మాట్లాడి, శాంపిల్ ఎట్లా పంపాలో వాళ్ళనే అడగండి.

పంట కోతలయ్యాక మందలు కేసీ (కర్నూలు-కడప) కాలువ కింది పొలాలకు మళ్ళుతాయి. కాపరి ఫోన్ నంబరుతోపాటు ఊళ్ళో ఉండే ఒకరి నంబరూ రాసుకోండి. రిజల్టు రాగానే కాపరికి ఫోన్ చేసి, ఏ రోగమో, ఏ టీకా ఎప్పుడు వేయించాలో తెలుగులో చెప్పండి. చెప్పకపోతే మరుసటేడు మంద దగ్గరికి కూడా రానివ్వడు.