పోయినేడు కప్పు కొట్టిన జట్టును ఈ ఏడు ఎట్లా చూడాలి

చంద్రగిరి వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. ఆట మీద ఇష్టం పుట్టిన పిల్లలు గానీ వాళ్ల అమ్మానాన్నలు గానీ "ఏ మ్యాచ్‌లు చూడాలి మేడం?" అని అడిగితే ఒకటే చెప్తాను. అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో పోయినేడు కప్పు కొట్టిన జట్టు ఏదో చూసుకోండి. ఆ ఒక్క జట్టునే మే నెల నుంచి చివరిదాకా వదలకుండా చూడండి. అన్ని జట్లనూ కొంచెం కొంచెం చూస్తే గుర్తుండేది హైలైట్స్ మాత్రమే. కప్పు నిలబెట్టుకోవడానికి తంటాలు పడే జట్టును సీజన్ పొడవునా చూస్తే ఆట లోపలి లెక్క తెలుస్తుంది.

నిలబెట్టుకోవడం చాలా కష్టం. 1997లో లీగ్ ఆటలు మొదలైనప్పుడు హ్యూస్టన్ కామెట్స్ వరసగా నాలుగేళ్లు గెలిచింది. 2001, 2002లో లాస్ ఏంజెలెస్ స్పార్క్స్ గెలిచింది. ఆ తర్వాత వెంటవెంటనే రెండు కప్పులు కొట్టిన జట్టు లాస్ వేగాస్ ఏసెస్, అదీ 2022, 2023లో. మధ్యలో ఇరవై ఏళ్లు ఎవరివల్లా కాలేదు. మినెసోటా లింక్స్ 2011, 2013, 2015, 2017లో గెలిచింది. అంత గట్టి జట్టు కూడా సరిసంఖ్య ఏడాదిలో ఒక్కసారీ కొట్టలేకపోయింది. 2016లో ఫైనల్ ఐదో మ్యాచ్ దాకా వచ్చి, 77-76తో ఒక్క పాయింట్ తేడాతో స్పార్క్స్‌కు వదులుకుంది.

ఇన్నేళ్లు చూశాక నాకు గట్టిగా అనిపించేది ఇది: ఛాంపియన్ చేతిలోంచి కప్పు జారడం చాలాసార్లు జూన్, జూలైల్లోనే మొదలవుతుంది. జారేది స్టార్ ప్లేయర్ దగ్గర కాదు, బెంచ్ దగ్గర, అంటే మొదటి ఐదుగురి తర్వాత మధ్యలో దిగేవాళ్ల దగ్గర. కాబట్టి చూసేటప్పుడు మన కళ్లు ఆరో ప్లేయర్ నుంచి తొమ్మిదో ప్లేయర్ దాకా ఉండాలి.

ముందు టైమ్ సంగతి. సీజన్ నడిచే నెలల్లో న్యూయార్క్ సాయంత్రం 7 గంటలంటే మనకు మరుసటి రోజు తెల్లవారుజామున 4:30. లాస్ వేగాస్‌లో సాయంత్రం 7 అంటే మనకు ఉదయం 7:30. షెడ్యూల్లో మంగళవారం అని ఉంటే మనకు బుధవారమని లెక్క. సీజన్ అక్టోబర్ దాటకుండా ముగుస్తుంది, అమెరికావాళ్లు గడియారం మార్చేది నవంబర్‌లో, కాబట్టి ఈ తేడా మధ్యలో మారదు. ఒకసారి కాగితం మీద రాసి గోడకు అంటిస్తే చాలు. పిల్లలున్న ఇంట్లో అన్నిటికంటే అనుకూలం వారాంతం మధ్యాహ్నం మ్యాచ్‌లు. న్యూయార్క్‌లో ఆదివారం ఒంటిగంటకు మొదలైతే మనకు అదే ఆదివారం రాత్రి 10:30.

మన క్యాలెండర్‌తో కలిపి చూసుకుంటే ఇంకా సులువు. తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే మే నెలలోనే సీజన్ మొదలవుతుంది. బడికి సెలవులు గనక జూన్ రెండో వారం దాకా తెల్లవారుజాము మ్యాచ్‌లు చూడొచ్చు. బళ్లు తెరిచాక 7:30 మ్యాచ్‌లు కుదరవు. క్యారేజీ కట్టాలి, బస్సు పట్టుకోవాలి. అప్పుడు సాయంత్రం యూట్యూబ్‌లో లీగ్ పెట్టే హైలైట్స్, వాటితోపాటు బాక్స్ స్కోర్ (ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఎన్ని పాయింట్లు చేశారు అని చూపే పట్టిక) చూస్తే సరిపోతుంది. కప్పు కోసం జరిగే చివరి పోటీలు, అంటే ప్లేఆఫ్స్, సెప్టెంబర్‌లో మొదలవుతాయి. 2025లో సెమీఫైనల్స్ జరుగుతున్న రోజుల్లోనే కొండ మీద బ్రహ్మోత్సవాలు. గరుడసేవ జనం, ట్రాఫిక్ ఆపివేతలు ముందే తెలుసు కాబట్టి ఏ మ్యాచ్ నేరుగా చూడాలి, ఏది తర్వాత చూడాలి అనేది ముందే తేల్చుకోండి.

ఇప్పుడు అసలు పని. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. మొదటి పేజీలో కప్పు గెలిచిన నాటి జట్టు పేర్లన్నీ నిలువుగా రాయండి. సుమారు పన్నెండు మంది ఉంటారు. పక్కన ఈ సీజన్ మొదటి మ్యాచ్ నాటి జట్టు పేర్లు రాయండి. ఎవరు లేరో గీత గీయండి. మ్యాచ్ మొదలవకముందే సగం సంగతి ఇక్కడే అర్థమవుతుంది. పైగా 2025 దాకా లీగ్‌లో జీతాల మీద గట్టి పరిమితి ఉండేది. మొత్తం జట్టుకు సుమారు 15 లక్షల డాలర్లు, అంతకు మించి ఖర్చు పెట్టడం దాదాపు కుదిరేది కాదు. కప్పు గెలిచాక అందరికీ గిరాకీ పెరిగేది, సంచిలో డబ్బు మాత్రం పెరిగేది కాదు. స్టార్లను ఉంచుకోవాలంటే తెగేది బెంచే.

ఉదాహరణకు న్యూయార్క్ లిబర్టీని తీసుకుందాం. లీగ్ పుట్టినప్పటి నుంచి ఉన్న జట్టు. ఐదుసార్లు ఫైనల్లో ఓడి, 2024లో మొదటి కప్పు కొట్టింది. మినెసోటాతో ఐదో మ్యాచ్, స్కోర్ సమమైతే ఆడే ఓవర్‌టైమ్ దాకా పోయి, 67-62. ఆ రాత్రి వాళ్ల పెద్ద షూటర్ సబ్రీనా అయోనెస్కు 19 షాట్లు వేస్తే పడింది ఒక్కటి. మళ్లీ చదవండి, పందొమ్మిదిలో ఒక్కటి. అయినా గెలిచారంటే ఎట్లా? బెంచ్ మీద నుంచి లేచొచ్చిన నియారా సబాలీ 13 పాయింట్లు చేసింది. ఆ మ్యాచ్‌ను నేను మా పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్తాను.

ఇప్పుడు 2025 పేజీ తిప్పండి. పాయింట్ గార్డ్ (బంతి తెచ్చి ఆట నడిపే ప్లేయర్) కోర్ట్నీ వాండర్‌స్లూట్ షికాగోకు వెళ్లిపోయింది, ఆమె చోటుకు నటాషా క్లౌడ్ వచ్చింది. బెట్నైజా లేనీ-హామిల్టన్‌కు సీజన్ మొదలవకముందే మోకాలి దెబ్బ. ఏడాదంతా ఆడనే లేదు. ఆ నియారా సబాలీ కూడా మోకాలి బాధతో చాలా మ్యాచ్‌లకు దూరమైంది. మే 17న కొత్త జెండా ఎగరేసి, ఉంగరాలు పంచి, ఏసెస్‌ను 92-78తో ఓడించినప్పుడు ఇవేవీ కనిపించలేదు. వరసగా తొమ్మిది గెలిచారు. కామెంటేటర్లు పొగుడుతున్నారు. అప్పుడు మన నోట్‌బుక్‌లోని గీతలు మాత్రమే ముందు రాబోయేది చెప్తాయి.

రెండో పేజీ 'ఎవరు ఆడలేదు' అనే పేజీ. ప్రతి మ్యాచ్‌కీ తేదీ వేసి, ఆడని వాళ్ల పేరు, కారణం రాయండి. గాయమా, దేశం తరఫున ఆడటానికి వెళ్లారా, కోచ్ కూర్చోబెట్టారా? జూన్‌లో యూరప్ మహిళల టోర్నీ ఉన్న ఏడాది అక్కడి అమ్మాయిలు మధ్యలో వెళ్లిపోతారు. 2025లో లిబర్టీ నుంచి లియోనీ ఫీబిష్ జర్మనీ కోసం అట్లాగే వెళ్లింది. అదే జూన్‌లో లిబర్టీ స్టార్ జాంక్వెల్ జోన్స్ చీలమండ మెలిపడింది. జూలై 26న ఇంకో స్టార్ బ్రియానా స్టీవర్ట్ మోకాలికి దెబ్బ, దాదాపు నెల బయట. ఈ పేజీ నిండుతున్న కొద్దీ గెలుపు ఓటముల వరస మారుతూ ఉంటుంది. 9-0తో మొదలైన జట్టు చివరికి 27 గెలుపులు, 17 ఓటములతో ఆగింది.

లిబర్టీ ఓడుతున్న రోజుల్లో మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి అడిగింది, "పోయినేడు గెలిచినోళ్లే గదా మేడం, ఇప్పుడేంది ఇట్లా ఓడిపోతా ఉండారు?" అని. నోట్‌బుక్ ఆమె చేతికిచ్చి, "పోయినేడు ఆడినోళ్లలో నిన్న ఎంతమంది ఆడినారో లెక్కపెట్టమ్మా" అన్నాను. వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇంకేం అడగలేదు, తన స్నేహితురాళ్లను పిలిచి చూపించింది.

మూడోది బాక్స్ స్కోర్ చదవడం. అందరూ ముందు పాయింట్లు చూస్తారు. మీరు నిమిషాలు చూడండి. మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, అంటే జట్టుకు మొత్తం 200 నిమిషాలు. ఓవర్‌టైమ్ ఆడితే ప్రతి ఐదు నిమిషాలకూ ఇంకో 25 కలపండి. మొదలుపెట్టిన ఐదుగురి నిమిషాలు కూడి 200లోంచి తీసేస్తే మిగిలేది బెంచ్ వాటా. ఐదుగురూ తలా 34 నిమిషాలు ఆడితే 170 అయిపోయినట్టే, బెంచ్‌కు 30 మాత్రమే. ఒక మ్యాచ్‌లో అట్లా ఉంటే ఫరవాలేదు. జూలైలో వారం పొడవునా అట్లాగే ఉంటే ఆగస్టులో దాని ఫలితం కనిపిస్తుంది. ప్లస్ మైనస్ అనే గడి కూడా ఉంటుంది. ఆ ప్లేయర్ కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు పైకి పోయిందో, ఎన్ని కిందికి వచ్చిందో చెప్పే అంకె అది. ఒక్క మ్యాచ్‌తో దాన్ని నమ్మకండి, వరసగా చాలా మ్యాచ్‌లు చూశాకే మాట్లాడండి.

అలసట అంకెల కంటే ముందు ఒంట్లో కనిపిస్తుంది. నాలుగో క్వార్టర్‌లో ఫ్రీ త్రో జరుగుతున్నప్పుడు కెమెరా పక్కనున్న వాళ్లను చూపిస్తుంది, అప్పుడు చూడండి. వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఉన్నదెవరు? షార్ట్స్ అంచు పట్టుకుని నిలబడిందెవరు? మూడు పాయింట్ల షాట్లు రింగ్ ముందు అంచుకు తగిలి వెనక్కొస్తున్నాయంటే కాళ్లలో బలం తగ్గిందని అర్థం. చేతులు బాగానే ఉంటాయి, షాట్ పొట్టిగా పడేది కాళ్లవల్ల. బాస్కెట్ మిస్సయ్యాక అవతలి జట్టు పరుగెత్తుతుంటే మన వాళ్లలో ఎంతమంది సగం గీత దాటి వెనక్కొచ్చారో కూడా లెక్కపెట్టండి. మా పిల్లలకు ఈ మూడూ నేర్పాక వాళ్లు మ్యాచ్ చూసే తీరే మారింది. "మేడం, ఆ అక్క అయిపోయింది, మార్చాల" అని కోచ్ కంటే ముందే చెప్తున్నారు.

ఓటమిని ఎట్లా చదవాలో కూడా చెప్పాలి. పెద్ద ఓటమి చూసి జట్టు పని అయిపోయిందనుకోకండి. 2025 ఆగస్టు 2న ఏసెస్ సొంత ఊళ్లో మినెసోటా చేతిలో 111-58తో ఓడింది. 53 పాయింట్ల తేడా! అప్పటికి వాళ్ల లెక్క 14 గెలుపులు, 14 ఓటములు. ఆ తర్వాత రెగ్యులర్ సీజన్‌లో, అంటే ప్లేఆఫ్స్‌కు ముందు, మిగిలిన 16 మ్యాచ్‌లూ గెలిచారు. ఫైనల్లో ఫీనిక్స్ మెర్క్యురీని 4-0తో ఓడించి కప్పు తీసుకున్నారు. ఏసెస్ స్టార్ ఏజా విల్సన్ గొప్పగా ఆడింది, నిజమే. కానీ ఆ గెలుపుల వరసలో జ్యూయెల్ లాయిడ్ బెంచ్ మీద నుంచి రావడం మొదలుపెట్టింది. ఆమె సియాటిల్‌తో రెండు కప్పులు గెలిచిన స్టార్. అంత పేరున్న ప్లేయర్ ఆరో మనిషిగా వస్తే బెంచ్ వాటా నిమిషాలకు విలువ ఎంత పెరుగుతుందో ఆ ఆగస్టు బాక్స్ స్కోర్లు వరసగా చూస్తే తెలుస్తుంది. నాకు బాస్కెట్‌బాల్‌లో అన్నిటికంటే నచ్చిన విషయాల్లో ఇదొకటి.

ప్లేఆఫ్స్ లెక్క చిన్నదే. ఎనిమిది జట్లు వస్తాయి. 2025లో మొదటి రౌండ్ మూడింట్లో రెండు, సెమీఫైనల్ ఐదింట్లో మూడు, ఫైనల్ ఏడింట్లో నాలుగు గెలవాలి. మొదటి రౌండ్‌లో ఒకటి, మూడు మ్యాచ్‌లు పై ర్యాంకు జట్టు ఊళ్లో జరిగాయి. ఆ రౌండ్‌లో తలపడ్డ లిబర్టీ, ఫీనిక్స్ రెండింటివీ 27-17 లెక్కే, కానీ ర్యాంకు ఫీనిక్స్‌కు నాలుగు, లిబర్టీకి ఐదు. జూలైలో లిబర్టీ ఇంకొక్క మ్యాచ్ గెలిచుంటే మూడో మ్యాచ్ వాళ్ల సొంత కోర్టు ఉన్న బ్రూక్లిన్‌లో జరిగేది. మొదటి మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో 76-69తో గెలిచారు, అందులోనే స్టీవర్ట్ రెండో మోకాలికి దెబ్బ తగిలింది. సొంత కోర్టులో రెండోది 86-60తో పోయింది. సెప్టెంబర్ 19న ఫీనిక్స్‌లో మూడోది. దెబ్బతిన్న మోకాలితోనే స్టీవర్ట్ 30 పాయింట్లు కొట్టింది. అయినా 79-73తో లిబర్టీ ఓడింది, వాళ్ల సీజన్ ముగిసింది. ఆ మ్యాచ్ చూసిన ఎవరైనా ఆమెను తప్పు పట్టలేరు. 30 పాయింట్లు చేసినా చాలలేదంటే ఆ పక్కన ఏం లేదో నోట్‌బుక్ మొదటి పేజీలో మే నెలలోనే ఉంది.

మీరు నేర్పించేవాళ్లయితే దీన్ని కోర్టులోకి తేవాలి. మండల పోటీల్లో గెలిచిన మా జట్టుకు మరుసటి ఏడాది నేను పెట్టే మొదటి ప్రాక్టీస్ ఇట్లా ఉంటుంది. బాగా ఆడే ఇద్దరిని గట్టు మీద కూర్చోబెడతాను. మిగిలినవాళ్లతో, స్కోర్ సమానంగా ఉన్నట్టు చెప్పి, చివరి నాలుగు నిమిషాలు ఆడిస్తాను. కూర్చున్న ఇద్దరి చేతిలో పెన్ను, కాగితం. ఎవరు వెనక్కి పరుగెత్తారు, ఎవరు రీబౌండ్‌కు అడ్డంగా నిలబడ్డారు రాయాలి. పదో తరగతి పిల్లలు పరీక్షల కోసం ఎట్లాగూ ఆట వదిలేస్తారు, కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ నాలుగు నిమిషాలు ముందు నుంచే అలవాటు కావాలి. ఎండ నెలల్లో ఇది ఉదయం ఏడులోపే చేయండి. మన సిమెంటు కోర్టులు ఎనిమిదికే కాలుతాయి.

2025 కప్పు ఏసెస్‌ది గనక 2026లో నిలబెట్టుకోవాల్సింది వాళ్లే. 2025 ఫైనల్ ఆడిన ఏసెస్ పేర్లు ఎడమవైపు రాయండి. కుడివైపు 2026 మొదటి మ్యాచ్ జట్టు రాసి, లాయిడ్ లాగా బెంచ్ మీద నుంచి వచ్చి మ్యాచ్ తిప్పగలిగేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ పేర్ల కింద ఎర్ర పెన్నుతో గీత గీయండి. రెండో పేజీకి పైన 'ఎవరు ఆడలేదు' అని రాసి, మిగతాదంతా ఖాళీగా ఉంచండి.