కంబాట్ లాగ్ టూల్ సొంతంగా రాద్దాం – 4వ భాగం: పెట్ కొట్టిన దెబ్బ ఎవరి ఖాతాలో?

మొదటి మూడు భాగాలు చేసుకుంటూ వచ్చినవాళ్ల దగ్గర ఈపాటికి ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం ఉండాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ చాట్‌లో స్లాష్ కొట్టి కంబాట్‌లాగ్ అని టైప్ చేస్తే గేమ్ తన లాగ్స్ ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ రాస్తుంది. పోరాటంలో జరిగే ఒక్కో సంగతికి (ఈవెంట్‌కి) అందులో ఒక్కో లైన్ పడుతుంది. మన ప్రోగ్రాం ఆ ఫైల్ తెరిచి, బాస్ (పెద్ద రాక్షసుడు) ఫైట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టుకుని, ఎవరు ఎంత డ్యామేజ్ కొట్టారో కూడుతుంది. ఇక్కడి నుంచే చదవడం మొదలుపెట్టినా ఈ భాగం అర్థమవుతుంది. చివర ఉన్న అభ్యాసం చేయడానికి మాత్రం ఆ ప్రోగ్రాం కావాలి.

ఎప్పటిలాగే, ఈవెంట్ పేర్లు ఫైల్‌లో ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఉంటాయి, నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ముందు ఈ పాఠం ఎందుకో చెప్పాలి. మా గిల్డ్‌లో, అంటే కలిసి ఆడే మా జట్టులో, బీస్ట్ మాస్టరీ హంటర్ ఆడే తమ్ముడు ఒకడు ఉండేవాడు. హంటర్ అంటే వెంట ఒక జంతువుని (అదే పెట్) పెట్టుకుని తిరిగే వేటగాడు. బీస్ట్ మాస్టరీ అనే రకంలో అయితే దెబ్బల్లో పెద్ద వాటా ఆ జంతువులదే. నేను రాసిన టూల్ మొదటి వెర్షన్ మూడు వారాలు వరసగా అతన్ని లిస్ట్‌లో అట్టడుగున చూపించింది. రెయిడ్ (చాలామంది కలిసి బాస్‌ల మీదకి వెళ్లే గుంపు) లీడర్ ఆ లిస్ట్ చూసి నాలుగో వారం అతన్ని పక్కన కూర్చోబెట్టాడు. ఆ కుర్రాడు తన ఆటే బాలేదనుకున్నాడు. రాత్రి రెండింటి దాకా ట్రైనింగ్ డమ్మీ ముందు నిలబడి ప్రాక్టీస్ చేశాడు. చివరికి ఒకరోజు మొహమాటపడుతూ అడిగాడు: "అన్నా, ఇందులో నా పెట్ డ్యామేజ్ ఎక్కడ కనపడుతుంది?"

ఫైల్‌లో ఉంది. నా ప్రోగ్రామే దాన్ని పారేసింది. కొట్టింది ప్లేయర్ కాదు కాబట్టి లెక్కలోకి రాదని నేను రాసిన ఒక్క షరతు వల్ల. అప్పట్నుంచి ఈ టూల్ విషయంలో నాకు ఒకటే పట్టింపు: అర్థం కాని లైన్‌ని చడీచప్పుడు లేకుండా పారేయకూడదు. తీసి పక్కన పెట్టాలి, ఎంత పక్కన పెట్టామో స్క్రీన్ మీద చూపించాలి.

మూడో భాగంలో ఇచ్చిన హోంవర్క్ ఒకసారి చూసి ముందుకెళదాం. లైన్‌ని కామాల దగ్గర విరగ్గొట్టమన్నాను. 2023లో వచ్చిన ఆబెరస్ రెయిడ్ లాగ్ మీద నడిపినవాళ్లకి మొదటి బాస్ దగ్గరే లెక్క తప్పి ఉంటుంది. ఆ బాస్ పేరు "కజ్జారా, ద హెల్‌ఫోర్జ్‌డ్". పేరులోనే కామా ఉంది. మామూలుగా విరగ్గొడితే అక్కడ ఒక గడి ఎక్కువై, ఆ తర్వాత గడులన్నీ ఒక్కోటి పక్కకి జరుగుతాయి. ఫ్లాగ్ అనే సంఖ్య ఉండాల్సిన చోట పేరు ముక్క వస్తుంది. పేర్లు కొటేషన్ గుర్తుల మధ్య ఉంటాయి కాబట్టి పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూల్ వాడితే సరిపోతుంది. కంబాటెంట్_ఇన్ఫో అనే ఈవెంట్‌కి మాత్రం అది కూడా చాలదు, అందులో బ్రాకెట్లలో బ్రాకెట్లు ఉంటాయి. దాని సంగతి తర్వాత.

అయినా మన పరిస్థితి చాలా నయం. 2008లో 2.4 ప్యాచ్ రాకముందు ఈ లాగ్ మామూలు వాక్యాల్లో ఉండేది, "నీ ఫైర్‌బాల్ ఫలానా రాక్షసుడికి 500 తగిలింది" అన్నట్టు. గేమ్ ఏ భాషలో ఉంటే వాక్యాలూ ఆ భాషలోనే. జర్మన్ క్లయింట్‌కి ఒక ప్యాటర్న్, ఫ్రెంచ్ క్లయింట్‌కి ఇంకోటి రాయాల్సొచ్చేది. ఇప్పుడు గడుల వరస అందరికీ ఒకటే.

ఇక అసలు పాఠం. ప్రతి దెబ్బ లైన్‌లో కొట్టినవాడి పేరు పక్కనే ఒక ఫ్లాగ్ ఉంటుంది. అది హెక్స్ సంఖ్య, అంటే పదహారు ఆధారంగా రాసేది. చాలామంది దీన్ని దాటేస్తారు, కానీ మనకి కావాల్సినదంతా అందులోనే ఉంది. మీ రెయిడ్‌లోని తోటి ప్లేయర్‌కి అది 514 అని ఉంటుంది. కుడి నుంచి ఎడమకి ఒక్కో అంకె చదవండి.

చివరి అంకె లాగ్ తీస్తున్న మీకు ఆ మనిషి ఏమవుతాడో చెప్తుంది: 1 అంటే మీరే, 2 మీ పార్టీ, 4 మీ రెయిడ్, 8 బయటివాళ్లు. దాని పక్క అంకెలో 1 అంటే మిత్రుడు, 2 తటస్థుడు, 4 శత్రువు. మూడో అంకెలో రెండు విషయాలు కలిసి ఉంటాయి. నడిపేది మనిషైతే 1, గేమ్ అయితే 2. ఇది ప్లేయర్ అయితే ఇంకో 4, గేమ్ పాత్ర అయితే ఇంకో 8. అందుకే ప్లేయర్‌కి 1, 4 కలిసి 5 అయింది. బాస్ లైన్‌లో ఏ48 అని చూస్తారు. హెక్స్‌లో ఏ అంటే 10, అంటే 8, 2 కలిపి. గేమ్ పాత్ర, గేమే నడుపుతోంది, శత్రువు, బయటివాడు.

ఇప్పుడు హంటర్ తోడేలు లైన్ తీయండి. ఫ్లాగ్ 1114. నాలుగో అంకె 1 అంటే పెట్. అక్కడ 2 ఉంటే గార్డియన్, అంటే కాసేపు వచ్చి కొట్టి పోయే తోడు. మూడో అంకె 1, అంటే మనిషే నడుపుతున్నాడు. మిత్రుడు, మన రెయిడ్. నా పాత షరతు మూడో అంకెలో ప్లేయర్ అనే 4 కోసం చూసేది. తోడేలుకి అది ఉండదు. తమ్ముడి డ్యామేజ్ పోయింది అక్కడే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఫ్లాగ్‌ని ఫలానా సంఖ్యతో సమానమా అని పోల్చకండి. టార్గెట్, ఫోకస్ లాంటి వాటికి ఎడమ వైపు ఇంకొన్ని అంకెలు చేరతాయి. బిట్‌వైజ్ యాండ్ వేసి, మీకు కావాల్సిన బిట్ ఉందా లేదా అని మాత్రమే చూడండి. అలాగే, ఒక ప్లేయర్ ఫ్లాగ్‌ని ఒకసారి చదివి దాచుకోకండి. బాస్ అతన్ని మైండ్ కంట్రోల్ చేస్తే ఆ కాసేపు అతనే శత్రువు అవుతాడు, ఫ్లాగ్ మారుతుంది. సొంత రెయిడ్‌ని కొట్టిన దెబ్బలు అతని డ్యామేజ్‌లో కలవకూడదు కదా.

ఇది పెట్ అని, మన రెయిడ్‌దని తెలిసింది. ఎవరిదన్నది ఫ్లాగ్ చెప్పదు. 20 మంది రెయిడ్‌లో ఇద్దరు హంటర్లు, భూతాలని వెంట తిప్పుకునే వార్లాక్‌లు ముగ్గురు ఉంటే ఆ జంతువుల, భూతాల గుంపులో ఓనర్‌ని వెతకాలి. దారులు రెండు.

ఒకటి, స్పెల్_సమన్ ఈవెంట్. పెట్‌ని పిలిచినప్పుడు ఈ లైన్ పడుతుంది: పిలిచినవాడి జీయూఐడీ (గేమ్ ప్రతి పాత్రకీ విడిగా ఇచ్చే గుర్తింపు) ఒకవైపు, వచ్చినదాని జీయూఐడీ ఇంకోవైపు. ఒక డిక్షనరీలో "ఈ పెట్ ఈ ఓనర్‌ది" అని రాసి పెట్టుకోండి. పేరుతో కాదు, జీయూఐడీతో. ఇద్దరు హంటర్లు తమ పెట్‌లకి ఒకే పేరు పెట్టుకోవడం రోజూ చూసేదే. ఇంకో మెలిక: వచ్చినది మళ్లీ ఇంకోదాన్ని పిలవొచ్చు. గేమ్ క్లాసిక్ వెర్షన్‌లలో షామన్ అనే మంత్రగాడు ఫైర్ ఎలిమెంటల్ టోటెమ్ అనే మంత్రపు కొయ్య పాతుతాడు, ఆ టోటెమ్ ఎలిమెంటల్‌ని, అంటే నిప్పు భూతాన్ని, తెస్తుంది. ఎలిమెంటల్ ఓనర్ టోటెమ్, టోటెమ్ ఓనర్ షామన్. కాబట్టి ప్లేయర్ తగిలేదాకా పైకి వెళ్తూనే ఉండాలి. నేనైతే ఐదు మెట్లు దాటితే ఆపేస్తాను, ఏదో తేడా వచ్చి గుండ్రంగా తిరగకుండా.

అయితే హంటర్ తన పెట్‌ని ఊళ్లోనే పిలిచి, దానితోనే రెయిడ్‌కి వస్తాడు. అప్పటికి మీరు లాగ్ ఆన్ చేసి ఉండరు. సమన్ లైన్ ఫైల్‌లో ఉండదు. ఆ తమ్ముడి విషయంలో షరతు సరిచేశాక కూడా మొదటి ఫైట్‌లో డ్యామేజ్ రాకపోవడానికి కారణం ఇదే.

అందుకే రెండో దారి. గేమ్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కంబాట్ లాగింగ్ అని ఒక టిక్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే డ్యామేజ్ లైన్లలో హెల్త్, మ్యాప్‌లో ఎక్కడున్నాడు లాంటి గడులు అదనంగా చేరతాయి. వాటిలో మొదటి గడి "ఈ వివరాలు ఎవరివి" అని చెప్పే జీయూఐడీ, రెండోది అతని ఓనర్ జీయూఐడీ. మొదటి గడిని తప్పకుండా చూడండి. కొన్ని ఈవెంట్లలో ఆ వివరాలు కొట్టినవాడివి, కొన్నింటిలో తగిలినవాడివి. మొదటి గడి మన తోడేలుదే అయితేనే రెండో గడి తోడేలు ఓనర్. ఓనర్ లేకపోతే అక్కడ అన్నీ సున్నాలు ఉంటాయి.

ఓనర్ తెలిసే లైన్ ఫైట్ మధ్యలో రావొచ్చు, ఈలోగా తోడేలు పది సార్లు కరిచి ఉండొచ్చు. కాబట్టి చదువుతున్నప్పుడే ఓనర్ ఖాతాలో వేయకండి. పెట్ జీయూఐడీ కిందే కూడుకుంటూ వెళ్లి, ఫైట్ అయ్యాక మొత్తం ఓనర్‌కి కలపండి. అప్పటికీ ఓనర్ దొరకనిది "ఓనర్ తెలియని డ్యామేజ్" అని విడిగా ఒక వరసలో చూపించండి. ఆ వరస చూసిన రెయిడ్ లీడర్ ఒకరిని పక్కన కూర్చోబెట్టే ముందు కనీసం ఒక ప్రశ్న వేస్తాడు.

అడ్వాన్స్‌డ్ ఆన్ చేయగానే కొత్త గొయ్యి ఒకటి వస్తుంది. చేత్తో, పంజాతో కొట్టే మామూలు దెబ్బకి రెండు లైన్లు పడతాయి: స్వింగ్_డ్యామేజ్, స్వింగ్_డ్యామేజ్_ల్యాండెడ్. దెబ్బ ఒక్కటే. మొదటి లైన్‌లో కొట్టినవాడి వివరాలు, రెండో లైన్‌లో తగిలినవాడి వివరాలు. రెండూ కూడితే పెట్‌ల డ్యామేజ్ ఉబ్బిపోతుంది. కూడికకి మొదటిది మాత్రమే తీసుకోండి.

ఇప్పుడు సపోర్ట్ మాట. టూల్‌ని నలుగురికి ఇచ్చిన రోజు నుంచే "నా డ్యామేజ్ తక్కువ చూపిస్తోంది" అని మెసేజ్‌లు వస్తాయి. అతని ఆటే బాలేదేమో అన్న అనుమానం మీకు వస్తుంది. ఆ మాట నోటిదాకా రానివ్వకండి, ముందు ఫైల్ అడగండి. స్క్రీన్‌షాట్ పనికిరాదు, అందులో కనిపించేది మన టూల్ చెప్పిన సంఖ్యే. లాగ్ ఫైల్, టూల్ వెర్షన్, ఫైట్ జరిగిన టైమ్ ఉంటే చాలు. ఫైల్ వందల ఎంబీ ఉన్నా ఉత్త టెక్స్టే కాబట్టి జిప్ చేస్తే బాగా తగ్గుతుంది. సైజ్ చూసి భయపడి కొందరు ఆ ఒక్క ఫైట్ ముక్కనే కత్తిరించి పంపుతారు. మంచి మనసుతోనే చేస్తారు, కానీ ఆ కత్తిరింపులో సమన్ లైన్ పోతుంది. ఫైల్ మొదట్లో ఉండే హెడర్ లైన్ కూడా పోతుంది. అడ్వాన్స్‌డ్ ఆన్‌లో ఉందా, గేమ్ ఏ బిల్డ్ అన్నది చెప్పేది ఆ హెడరే. "కత్తిరించకుండా మొత్తం పంపండి" అని ముందే రాసి పెట్టండి.

తప్పు దొరికాక ఆ లాగ్‌లో ప్లేయర్ల పేర్లు మార్చి, టెస్ట్ ఫోల్డర్‌లో దాచండి. ఆ ఫైట్‌కి సరైన జవాబు ఎంతో పక్కనే రాసి పెట్టండి. కొత్త వెర్షన్ ఇచ్చే ముందు పాత లాగ్‌లన్నీ మళ్లీ నడపాలి. గేమ్‌కి ప్యాచ్ వచ్చిన రోజు గడుల వరస మారడం మామూలే, ఆ రోజు మిమ్మల్ని కాపాడేది ఆ ఫోల్డరే. ఇక ఫిర్యాదు చేసిన మనిషికి తిరిగి రాయండి, ఏ లైన్ వల్ల తప్పొచ్చిందో చూపించి. తమ్ముడికి నేను రాశాను. రెయిడ్ లీడర్‌కి కూడా రాశాను, పాత మూడు వారాల లెక్క సరిచేసి.

ఇక అభ్యాసం. ఈ ఆరు లైన్లని మీ సొంత జీయూఐడీలతో అసలు ఫార్మాట్‌లోకి రాసుకుని టూల్‌కి ఇవ్వండి. ప్లేయర్లు ఇద్దరు, మిరపకాయ, గోంగూర. ఇద్దరి పెట్‌ల పేరూ "తోడేలు", జీయూఐడీలు వేరు.

మిరపకాయ, మొదటి తోడేలుని పిలిచాడు: స్పెల్_సమన్.
మొదటి తోడేలు, బాస్‌ని కొట్టింది: స్వింగ్_డ్యామేజ్, 1200.
అదే దెబ్బ: స్వింగ్_డ్యామేజ్_ల్యాండెడ్, 1200.
మిరపకాయ, బాస్‌ని కొట్టాడు: స్పెల్_డ్యామేజ్, 3000.
రెండో తోడేలు, బాస్‌ని కొట్టింది: స్వింగ్_డ్యామేజ్, 900. ఇక్కడా, పైన మొదటి తోడేలు స్వింగ్_డ్యామేజ్ లైన్‌లోనూ అడ్వాన్స్‌డ్ గడులన్నీ సున్నాలు పెట్టండి.
రెండో తోడేలు, బాస్‌ని మళ్లీ కొట్టింది: స్వింగ్_డ్యామేజ్, 1500. వివరాల గడిలో రెండో తోడేలు, ఓనర్ గడిలో గోంగూర.

రావాల్సింది మిరపకాయకి 4200, గోంగూరకి 2400, ఓనర్ తెలియనిది 0. మిరపకాయకి 5400 వచ్చిందంటే ల్యాండెడ్ లైన్ కూడా కూడారు. 6600 వచ్చిందంటే పెట్‌లని పేరుతో కలిపేశారు. గోంగూరకి 1500 మాత్రమే వస్తే, ఓనర్ తెలియకముందు పడిన 900 మీ దగ్గరే ఎక్కడో ఆగిపోయింది. అన్నీ సరిగ్గా వచ్చాక మొదటి లైన్, అంటే సమన్, తీసేసి మళ్లీ నడపండి. మిరపకాయకి 3000, ఓనర్ తెలియని వరసలో 1200 కనిపించాలి.

5వ భాగంలో హీలింగ్ లెక్క మొదలుపెడదాం. అక్కడ ఓవర్‌హీలింగ్ (అవసరానికి మించి వృథా అయిన హీలింగ్) అనే గడి ఉంటుంది. ఈలోగా మీ లాగ్‌లో స్పెల్_హీల్ లైన్లు ఒక పది తీసి, చివరి నాలుగు గడులూ కాగితం మీద రాసుకుని ఉంచండి.