ప్రధాన సంఖ్యలకు ఆరు నిలువు వరుసలు

1 నుంచి 100 లోపు ప్రధాన సంఖ్యలు రాయమంటే పిల్లలు ఒక్కో అంకెనూ భాగించి చూస్తూ కూర్చుంటారు. 51, 91 దగ్గర తప్పకుండా తడబడతారు.

క్రీ.పూ. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని నడిపిన గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్ పేరు మీద, గుణిజాలను కొట్టేస్తూ ప్రధాన సంఖ్యలను మిగిల్చే ఒక జల్లెడ పద్ధతి ఉంది. నీడ సాయంతో భూమి చుట్టుకొలత లెక్కగట్టినాయనే! మామూలుగా ఆ జల్లెడను పది నిలువు వరుసల్లో గీస్తారు. ఆరు వరుసల్లో గీసి చూడండి, పని సగానికి సగం తగ్గుతుంది.

అడ్డంగా ఆరేసి అంకెలు రాసుకుంటూ వెళ్లండి: 1 నుంచి 6, కింద 7 నుంచి 12, అలా 100 దాకా. 1 ప్రధాన సంఖ్య కాదు, ముందే కొట్టేయండి. 2, 3లకు సున్నా చుట్టి, వాటి కింద నిలువుగా గీత లాగేయండి. 4, 6 వరుసలను పైనుంచి కిందికి పూర్తిగా కొట్టేయండి. ఇక మిగిలేవి 1, 5 వరుసలే. వాటిలో 5 గుణిజాలు 25, 35, 55, 65, 85, 95. 7 గుణిజాలు 49, 77, 91. ఈ తొమ్మిదీ తీసేస్తే, చుట్టిన 2, 3తో కలిపి సరిగ్గా 25 ప్రధాన సంఖ్యలు ఉంటాయి. లెక్క తేడా వస్తే ఎక్కడో అంకె రాయడం తప్పిందన్నమాట.

ఒక్క జాగ్రత్త: 7తో ఆపడం 120 వరకే పనికొస్తుంది. 121 అంటే 11×11, అక్కడి నుంచి 11 గుణిజాలనూ కొట్టాలి; 169 దగ్గర 13వి కూడా.