కొలతలిచ్చి ఖరీదైన కళ్లజోడు చేయించుకునే ముందు

బరంపురం నుంచి విశాఖ వెళ్లి మరీ ముఖం కొలతలతో వేలు పోసి కళ్లజోడు చేయించుకోవాలనుకుంటున్నారా? ముందు ఇప్పుడున్న జోడు ఎందుకు ఇబ్బంది పెడుతోందో చూడండి. జారిపోతున్నా, చెవుల వెనక నొక్కుతున్నా, అసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్ ఫ్రేమైతే షాపులోనే వేడిచేసి వంచి సరిచేస్తారు, మా నాన్నగారిది పర్లాకిమిడిలో అలాగే ఐదు నిమిషాల్లో అయిపోయింది. చూపు బాగుండేది లెన్స్‌తో, కంటిపాపల మధ్య దూరం మిల్లీమీటర్లలో సరిగ్గా కొలవడంతో. గేదె కొమ్ముతో చేసిన ఖరీదైన ఫ్రేమైనా సరే, ఆ కొలత తప్పితే తలనొప్పి రావచ్చు. మైనస్ పవర్ ఎక్కువైతే చిన్న ఫ్రేమ్, 1.67 ఇండెక్స్ లెన్స్ (కాంతిని ఎక్కువగా వంచే రకం) అడగండి, అంచులు పలచగా వస్తాయి. ముక్కు దూలం బాగా చదునుగా ఉండి ఏ రెడీమేడ్ ఫ్రేమూ నిలవనివాళ్లకు మాత్రం కొలతలిచ్చి చేయించుకునే ఆ ఖర్చు నిజంగా దండగ కాదు.